ఒక అడుగు ముందుకు

కొత్తగా ఉద్యోగంలో చేరిన వ్యాయామ ఉపాధ్యాయులు ఎవరైనా ఇది చదువుతుంటే ముందుగా ఒక మాట. మెడలో ఈల ఉన్నంతకాలం పిల్లలు మీరు చెప్పినట్టు వింటారు. ఆగమంటే ఆగుతారు, తిరగమంటే తిరుగుతారు. అది మన గొప్ప అనుకోకండి. ముప్పై ఏళ్ళకు పైగా నేను అలాగే అనుకున్నాను. సర్వీసు ఇంకో మూడేళ్ళుందనగా ఒక ఆడపిల్ల వల్ల ఆ భ్రమ వదిలింది. వదిలిన తీరు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంటుంది. అయినా చెబుతాను, ఎందుకంటే నేను చేసిన పని మీలో చాలామంది రేపో ఎల్లుండో చెయ్యబోతారు.

నేను రిటైరై రెండేళ్ళయింది. జీతం తీసుకున్నది ఆటలు నేర్పినందుకే అయినా, బడిలో నా పని ఏమిటని అడిగితే తలో రకంగా చెబుతారు. మధ్యాహ్న భోజనం దగ్గర వరస నిలబెట్టేది నేను. నులిపురుగుల మాత్రలు మింగించేది నేను. ఎత్తూ బరువూ కొలిచేది నేను, గోడ దూకినవాణ్ణి చెవి పట్టుకుని తెచ్చేది నేను. మా లెక్కల మాస్టారు నాకు మంచి స్నేహితుడు. కానీ "మీకేంటండి, పాఠం చెప్పే బాధ లేదు" అని రోజుకోసారైనా అనకపోతే ఆయనకు టీ దిగేది కాదు. నేను కూడా నవ్వి ఊరుకునేవాణ్ణి. లోపల మాత్రం కాస్త గుచ్చుకునేది.

నా ఆఖరి పోస్టింగు ఉప్పాడ వైపు, సముద్రం ఒడ్డున ఒక ఊరి హైస్కూల్లో. ఊరి పేరు చెప్పను. పిల్లల్లో సగానికి పైగా వేటకెళ్ళే ఇళ్ళవాళ్ళు, మిగిలినవాళ్ళు మగ్గం నేసేవాళ్ళ పిల్లలు. గ్రౌండంతా ఇసుకే. ముగ్గు పొడితో గీత గీస్తే మధ్యాహ్నానికి గాలి ఎత్తుకుపోయేది. ఏటా తుఫాను రోజుల్లో సముద్రం ఇంకాస్త లోపలికొచ్చి రెండో మూడో ఇళ్ళు పట్టుకుపోయేది. మర్నాడు ఆ ఇంటి పిల్లలు బడికొచ్చి, "అడ్రస్సు మారిందండి" అని అటెండెన్సు దగ్గర చెప్పేవారు. మేమూ రిజిస్టర్లో పాతది కొట్టేసి కొత్తది రాసుకునేవాళ్ళం.

నాకొక పద్ధతి ఉండేది. దాని గురించి చెప్పకపోతే మిగతా కథ అర్థం కాదు. పైనుంచి ఏ ఫారం వచ్చినా, ఎంతమంది పిల్లలకు కళ్ళజోడు ఉంది, ఎంతమందికి సైకిలు ఉంది, ఎంతమంది మాత్ర వేసుకున్నారు అని అంకెలు అడుగుతారు. మిగతా మాస్టార్లు క్లాసు క్లాసుకీ తిరిగి, పేరు పేరునా పిలిచి, రెండు రోజులు తంటాలు పడేవారు. నేను మాత్రం పిల్లలందరినీ గ్రౌండులో వరసల్లో నిలబెట్టి, ఈల ఊది, "సైకిలున్నవాళ్ళు ఒక అడుగు ముందుకు" అనేవాణ్ణి. టక్కున అడుగు వేసేవారు. లెక్కపెట్టుకుని, "వెనక్కి" అనేవాణ్ణి. పది నిమిషాల్లో బడి మొత్తం అయిపోయేది. ఎక్కడికి బదిలీ అయి వెళ్ళినా ఈ పద్ధతికి మంచి పేరొచ్చింది. ఒకసారి తనిఖీకి వచ్చిన పెద్దాయన చూసి, భుజం తట్టి వెళ్ళారు. ఆ భుజం చాలా రోజులు తేలిగ్గా అనిపించింది.

ఇక ఆ అమ్మాయి. ఆరో తరగతిలో మా బడికొచ్చింది. సన్నగా, నల్లగా, మోకాళ్ళ మీద ఎప్పుడూ ఏదో ఒక గాయంతో ఉండేది. ఖోఖో ఆటకోసమే పుట్టిందేమో అనిపించేది. ఆ ఆట తెలియనివాళ్ళకు రెండు ముక్కల్లో చెబుతాను. తరిమే జట్టువాళ్ళు వరసగా కూర్చుని ఉంటారు. వెనకనుంచి ఒకరు వచ్చి వీపు తట్టి "ఖో" అంటేనే లేచి పరుగెత్తాలి. ఈ పిల్లకు తొందరెక్కువ. ఖో పడకముందే లేచిపోయేది. నేను రెండు ఈలలు ఊది "ఫౌల్!" అని అరిచేవాణ్ణి. ఆ అరుపు బడిలో నా మార్కు అయిపోయింది. అన్నం వరసలో ఎవడైనా ముందుకు దూరితే వెనకవాడు నా గొంతుతో "ఫౌల్!" అనేవాడు, అందరూ నవ్వేవారు. ఆ పిల్ల కూడా నాలిక కరుచుకుని, నవ్వుకుంటూ వెనక్కొచ్చి కూర్చునేది. తొమ్మిదో తరగతిలో జిల్లా పోటీలకు వెళ్ళి కప్పు తెచ్చింది. ఆ కప్పు హెడ్‌మిస్ట్రెస్ గారి గదిలో బీరువా మీద ఉండేది.

పదో తరగతికి వచ్చేసరికి అన్నీ మారిపోయాయి. పదో తరగతి అంటే మన బడుల్లో ఎలా ఉంటుందో మీకు చెప్పనక్కర్లేదు. పొద్దున్నే స్టడీ అవర్, సాయంత్రం స్టడీ అవర్, ఆదివారం స్లిప్ టెస్టు. జూన్ నెలాఖరులో లెక్కల మాస్టారు టీ తాగుతూ, "మాస్టారూ, టెన్త్ వాళ్ళ గేమ్స్ పీరియడ్ నాకిచ్చెయ్యండి. సిలబస్ అవ్వట్లేదండి" అన్నారు. నేను సరేనన్నాను. ఆయన అడిగినందుకు ఆయన్ని తప్పు పట్టను. నేను కనీసం ఒక పూటైనా ఆలోచించకుండా ఇచ్చేశాను. నాకు కూడా ఒక గంట ఖాళీ దొరుకుతుందని సంతోషించాను. టైంటేబుల్లో మాత్రం అది గేమ్స్ పీరియడ్‌గానే ఉండిపోయింది.

ఆ అమ్మాయి వాళ్ళ ఇల్లు అంతకు ముందు ఏడాదే సముద్రంలో కలిసిపోయింది. ఊరి లోపల ఒక్క గది అద్దెకు తీసుకుని నాయనమ్మ, ఇద్దరు తమ్ముళ్ళు, తల్లి, తండ్రి, తను అందులోనే ఉండేవారు. తండ్రి బోటు మీద వెళితే వారం పది రోజులకు వచ్చేవాడు. తల్లి తెల్లారకముందే ఒడ్డుకెళ్ళి వేలంలో చేపలు పాడుకుని, తట్ట నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగి అమ్మేది. ఇలాంటి ఇళ్ళ పిల్లలు మా బడిలో బోలెడుమంది. అందుకే నేను ప్రత్యేకంగా పట్టించుకోలేదు. ఇల్లు పోయినందుకే ఆ పిల్ల అలా అయిపోయిందని కూడా ఇప్పుడు తేల్చి చెప్పలేను. ఇల్లు పోయినవాళ్ళంతా అలా అవ్వలేదు, ఇల్లున్నవాళ్ళు కొందరు అయ్యారు.

మార్పు నా కంటపడలేదని అనను. రోజూ ఆలస్యంగా వచ్చేది. జడలు ఒకటి అల్లి ఒకటి వదిలేసి వచ్చేది. భోజనం దగ్గర కోడిగుడ్డు పక్కపిల్లకు ఇచ్చేసి, అన్నం కెలికి లేచిపోయేది. ఇంటర్వెల్‌లో గోడ నీడన కూర్చుని మోకాళ్ళ మీద తల పెట్టుకునేది. ఒకరోజు పిలిచి అడిగాను.

"ఏంటమ్మా, ఇలా అయిపోయావు? రాత్రిళ్ళు ఫోను చూస్తున్నావా?"

"చూత్తానండి."

"ఎంతసేపు?"

"తెల్లారేదాకా అండి. నిద్దరట్టదండి. అందుకని చూత్తానండి."

నాకు సగమే వినబడింది. దొంగ దొరికాడు అనుకున్నాను. "ఫోను చూస్తే నిద్రెలా పడుతుంది? పొద్దున్న ఏం తింటున్నావు?"

"టీ తాగొత్తానండి."

"అదీ సంగతి! ఫోను పక్కన పడేసి, నాలుగింటికల్లా లేచి ఒడ్డెంట రెండు రౌండ్లు పరుగెత్తు. రాగిజావ తాగి రా. వారం తిరిగేసరికి మామూలు మనిషివైపోతావు."

"లేవాలంటే ముందు పడుకోవాలి కదండి" అంది, నేల చూస్తూ.

ఎదురు సమాధానం చెప్పిందని నాకు కోపం వచ్చింది. ఆ కోపంతోనే క్లాసుకు పంపేశాను. స్టాఫ్‌రూంలో లెక్కల మాస్టారితో, "ఈ సెల్‌ఫోన్లు వచ్చి పిల్లల్ని తగలేశాయండి" అన్నాను. ఆయన తన ఫోనులోంచి తల ఎత్తకుండానే అవునన్నారు.

ఆ తరవాత కొన్నాళ్ళకు ఫారం వచ్చింది. ఒక శుక్రవారం ఉదయం హెడ్‌మిస్ట్రెస్ గారు పిలిచి, "మాస్టారూ, పిల్లల అలవాట్లూ ఆరోగ్యమూ అట, తొమ్మిదీ పదీ వాళ్ళది పంపాలటండి. ఇవాళ సాయంత్రం నాలుగింటికి పోర్టల్ మూసేస్తారట. మీరైతే చిటికెలో చేసేస్తారు" అన్నారు. చిటికె అన్న మాటకు నేను ఉబ్బిపోయాను.

ఫారం మొదటి పేజీలో మామూలు ప్రశ్నలే. రాత్రి ఎన్నింటికి పడుకుంటారు, పొద్దున్న టిఫిన్ చేస్తారా, చిప్సు ప్యాకెట్లు, కూల్‌డ్రింకులు ఎన్నిసార్లు, ఫోను ఎంతసేపు, ఆట ఎంతసేపు. రెండో పేజీలో ప్రశ్నలు వేరే రకం. ఈ రెండు వారాల్లో దేనిమీదా ఇష్టం లేకుండా పోయిందా, ఎప్పుడూ దిగులుగా ఉంటోందా, బతకాలని లేదని అనిపించిందా అని. పైన చిన్న అక్షరాల్లో, ప్రతి విద్యార్థినీ విడిగా కూర్చోబెట్టి, ఇతరులకు వినబడకుండా అడగాలి అని రాసి ఉంది. నేను చదవలేదని అబద్ధమాడను. చదివాను. నూట నలభై మందిని విడిగా కూర్చోబెట్టమన్నవాడు ఎప్పుడైనా బడి మొహం చూశాడా అని నవ్వుకున్నాను.

మూడో పీరియడ్‌లో రెండు తరగతుల్నీ గ్రౌండులో నిలబెట్టాను. ఈల ఊదాను. "పొద్దున్న టిఫిన్ తినకుండా వచ్చినవాళ్ళు ఒక అడుగు ముందుకు." సగం మంది వచ్చారు. "పన్నెండు దాటాక పడుకునేవాళ్ళు ఒక అడుగు ముందుకు." మొదట ఎవరూ కదల్లేదు, తరవాత ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటూ చాలామంది వచ్చారు. ఫోను దగ్గరకొచ్చేసరికి అందరూ కింద చూశారు. ఆట ఎంతసేపు అన్న ప్రశ్న నేను అడగలేదు. టైంటేబుల్ ప్రకారం వేసేశాను. పదో తరగతికి కూడా.

పేజీ తిప్పాను. ఎండ ఎక్కువైంది. పిల్లలు కాళ్ళు మారుస్తున్నారు. అదే గొంతుతో, సైకిలు గురించి అడిగినట్టే అడిగాను. "బతకాలని లేదని అనిపించినవాళ్ళు ఒక అడుగు ముందుకు."

మూడో వరసలోంచి ఆ అమ్మాయి అడుగు వేసింది. బాగా గుర్తుంది, ఎడమకాలు ముందు వేసి కుడికాలు కలిపింది. నేను నేర్పినట్టే. చేతులు పక్కలకు ఆన్చి, ఎదురుగా చూస్తూ నిలబడింది. వరసలన్నీ గొల్లున నవ్వాయి. నేను ఈల ఊది అందరినీ నోరు మూసుకోమన్నాను. "ఇదేం పరాచికాలమ్మా, వెనక్కెళ్ళు" అన్నాను. వెళ్ళింది. ఎవరూ లేరు కాబట్టి ఆ గడిలో సున్నా వేశాను. మూడున్నరకల్లా అప్‌లోడ్ అయిపోయింది. హెడ్‌మిస్ట్రెస్ గారు నాకు టీ తెప్పించారు.

మూడు వారాలు గడిచాయి. ఒక సోమవారం ప్రార్థన అయిపోయిన కాసేపటికి, గేటు దగ్గర ఆ పిల్ల తల్లి నిలబడి ఉంది. నెత్తిమీద తట్ట దించలేదు. చేపల నీళ్ళు చీర మీద కారుతున్నాయి.

"మాస్టారూ, మా పిల్ల బడికొచ్చిందాండి?"

"రాలేదమ్మా. ఇంట్లో లేదా?"

"చీకటితోనే ఎల్లిపోయిందండి. స్టడీ అన్నాదండి. బేగు గోడకే ఉందండి. ఫోను కూడా మంచం మీదే వదిలేసెల్లిందండి."

బ్యాగు సంగతి నన్నంతగా కదపలేదు. తెల్లార్లూ చేతిలో పెట్టుకునే ఫోను వదిలేసి వెళ్ళిందంటే భయం వేసింది. లెక్కల మాస్టారు ఏమీ అడక్కుండా బండి తాళం తీసుకుని వచ్చేశారు. ఎటు వెళ్ళాలో తెలియక నిలబడ్డాం. అప్పుడు ఆ అమ్మాయి స్నేహితురాలు, ఖోఖోలో ఎప్పుడూ పక్కనే కూర్చునే పిల్ల, క్లాసులోంచి పరుగెత్తుకుంటూ వచ్చింది.

"మాస్టారూ, ఆళ్ళ పాతింటి కాడ చూడండి."

"పాతిల్లు ఎక్కడుందమ్మా? పోయింది కదా?"

"ఇల్లు లేదండి. ఆ చోటికెల్లి కూకుంటాదండి."

ఒడ్డు కోసుకుపోకుండా వేసిన పెద్ద పెద్ద రాళ్ళు ఉంటాయి అక్కడ. వాటి మీద ఇద్దరు వేటవాళ్ళు వల పక్కన పడేసి నిలబడి ఉన్నారు. వాళ్ళ మధ్య యూనిఫాం తడిసిపోయి ఆ అమ్మాయి కూర్చుని ఉంది. భుజాల మీద ఎవరిదో తువ్వాలు కప్పి ఉంది. వాళ్ళలో పెద్దాయన నన్ను పక్కకు లాగి, "కేకేత్తే ఇనదేంటండి మాస్టారూ. ఎల్లి లాక్కొచ్చి కూకోబెట్టేవండి. కాసేపు అటూ ఇటూ అయితే మాకు అవుపించేది కూడా కాదండి" అన్నాడు.

నేను వెళ్ళి పక్క రాయి మీద కూర్చున్నాను. ఇన్నేళ్ళ సర్వీసులో పిల్లలతో నిలబడి అరవడమే గాని, కూర్చుని మాట్లాడింది లేదు. నోటికొచ్చిన మాట అనేశాను.

"ఇంత కష్టం పెట్టుకుని ఒక్క మాట చెప్పలేదేంటమ్మా మాకు?"

"చెప్పేనండి" అంది.

"ఎప్పుడు చెప్పావు?"

"ఒకడుగు ముందుకి రమ్మన్నారు కదండి. వచ్చేనండి. మీరే వెనక్కెల్లమన్నారు."

అందులో నిష్ఠూరం లేదు. అటెండెన్సు పలికినట్టు చెప్పింది. లెక్కల మాస్టారు విన్నారు. ఆయన మొహం అటు తిప్పుకున్నారు. నేను ఏడ్చాను. చెప్పడానికి ఇప్పుడు మొహమాటం ఏమీ లేదు. పిల్ల ముందు, వేటవాళ్ళ ముందు, అరవైకి దగ్గరపడ్డవాణ్ణి, మెడలో ఈలతో కూర్చుని ఏడ్చాను. తల్లి వచ్చి పిల్లను పొదువుకునేదాకా అలాగే ఉన్నాను.

అటునుంచటే పిల్లను పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. అక్కడ మానసిక వైద్యం చూసే డాక్టరమ్మ చిన్న వయసు ఆవిడే. పిల్లతో ఒంటరిగా చాలాసేపు మాట్లాడి వచ్చి, మమ్మల్ని లోపలికి పిలిచారు. ఇది డిప్రెషన్ అనే జబ్బు, మందులున్నాయి, తగ్గుతుంది, కానీ టైం పడుతుంది అన్నారు. నేను నా రాగిజావ సంగతీ, ఫోను సంగతీ చెప్పాను. ఆవిడ ఓపిగ్గా విన్నారు. "అలవాట్లు పాడైతే మనసు పాడవ్వచ్చండి, కాదనను. కానీ నిద్రపోకపోవడం, తినకపోవడం, ఆట మానెయ్యడం, ఇవి జబ్బు బయటికి కనబడే తీరు కూడా అండి. జ్వరం వచ్చినవాణ్ణి ఒళ్ళెందుకు కాలుతోందని తిడతామా?" అన్నారు. తరవాత అడిగారు, "ఇంతకు ముందు ఈ మాట ఎవరితోనైనా అందా అండి?"

తల్లి నా వైపు చూసింది, మాస్టారికి తెలుస్తుంది కదా అన్నట్టు. మంచం మీదనుంచి ఆ పిల్ల కూడా చూసింది. "మాకు తెలీదండి" అన్నాను. ఆ పిల్ల కళ్ళు దించుకుంది. నన్ను పట్టివ్వలేదు. ఆ సాయంత్రం బస్సులో తిరిగొస్తూ ఉద్యోగం మానేద్దామనుకున్నాను. మానలేదు. మూడేళ్ళ సర్వీసు ఉంది, పెన్షను ఉంది, మనిషి ఆలోచనలు అలాగే ఉంటాయి.

నాలుగు రోజుల తరవాత ఉండబట్టలేక మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళి, డాక్టరమ్మకు నిజం చెప్పాను. తల్లికీ చెప్పాను. ఆమె వరండాలో గోడకానుకుని కూర్చుని ఉంది. తిడుతుందని, తిడితే బాగుండునని వెళ్ళాను.

"నాతోనూ అన్నాదండి" అంది. "అమ్మా, నాకు బతకబుద్దేత్తలేదే అందండి. చేపలు తోముతున్నానండి అప్పుడు. బోల్డు పనుంది, ఎల్లి నీళ్ళట్రావే అన్నానండి. తెచ్చిందండి."

ఇద్దరం అదే వరండాలో సాయంత్రం దాకా కూర్చున్నాం.

బడికొచ్చి హెడ్‌మిస్ట్రెస్ గారికి మొత్తం చెప్పాను. ఆ సున్నా మార్చాలండి అన్నాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని పోర్టల్ తెరిచి చాలాసేపు చూశారు. "ఎడిట్ చెయ్యడానికి లేదు మాస్టారూ, గడువు అయిపోయింది" అన్నారు. రెండుసార్లు లెటరు రాశాం, జవాబు రాలేదు. మా బడిలో ఆ ఏడు పిల్లలందరూ సంతోషంగా ఉన్నారనీ, రోజూ ఆడుకున్నారనీ ఆ కంప్యూటరులో ఇప్పటికీ ఉండే ఉంటుంది. ఎవరైనా పెద్దలు దాన్ని చూసి బోలెడు సంతోషించే ఉంటారు.

ఆ వారంలోనే లెక్కల మాస్టారు పదో తరగతిని గేమ్స్ పీరియడ్‌లో గ్రౌండుకి తీసుకొచ్చి, "మీ పిల్లలు మీరు తీసుకోండి" అని నాకు అప్పగించారు. తను కూడా గట్టు మీద కూర్చున్నారు. మళ్ళీ ఎప్పుడూ నాకు పాఠం బాధ లేదని అనలేదు. ఆ ఏడు రిజల్టు పడిపోనూ లేదు, పెరగనూ లేదు.

ఆ అమ్మాయి మా బడికి మళ్ళీ రాలేదు. పరీక్ష ఆ ఏడు రాయలేదు. తరవాతెప్పుడో ప్రైవేటుగా కట్టింది, ఒకటి పోయింది, మళ్ళీ కట్టలేదు. ఇప్పుడు రొయ్యల ఫ్యాక్టరీలో పనికి వెళ్తోంది. కిందటి నెల ఉప్పాడ సెంటర్లో ఫ్యాక్టరీ బస్సు కోసం నిలబడి కనిపించింది. తనే పలకరించింది. నిద్ర పడుతోందా అని అడిగాను. "మాత్తరేసుకుంటే పడతాదండి. ఒక్కోరోజు ఏసుకున్నా పట్టదండి" అంది. అలాంటి రోజుల్లో ఏం చేస్తావన్నాను. "అమ్మని లేపుతానండి. లేచి కూకుంటాదండి" అంది. బస్సొచ్చింది, ఎక్కి వెళ్ళిపోయింది. పరుగెత్తలేదు. తన వంతు వచ్చేదాకా నిలబడి, నింపాదిగా ఎక్కింది. నాకు అదోలా అయిపోయింది.

ఇక్కడితో ఆపేస్తే సరిపోతుంది. ఇంతవరకే చాలామందికి చెప్పాను కూడా. రిటైర్మెంటు సభలో కూడా, ఈ బస్సు దగ్గర కనిపించిన సంగతి తప్ప, ఇంతే చెప్పాను. అందరూ కళ్ళు తుడుచుకున్నారు, శాలువా కప్పారు. కానీ మిగిలిన ముక్క చెప్పకపోతే మీకు దీనితో పని లేదు.

ఆ ఫారం నేను ఆ ఏడే మళ్ళీ నింపాను. పోర్టల్ కోసం కాదు. హెడ్‌మిస్ట్రెస్ గారి అనుమతితో, ఆటసామాన్ల గది తలుపు తీసి పెట్టి, వరండాలో ఆవిడ కుర్చీ వేసుకుని కనబడేంత దూరంలో కూర్చుంటే, మిగిలిన నూట ముప్పై తొమ్మిది మందినీ ఒక్కొక్కర్నే పిలిచాను. నాకు ఇరవై రోజులు పట్టింది. ఈల తీసి మేకుకు తగిలించాను. అడిగాక ఊరుకున్నాను. ఊరుకోవడం నాకు అన్నిటికంటే కష్టమైంది. బతకాలని లేదా అన్న ప్రశ్నకు ఎంతమంది అవునన్నారో ఇక్కడ రాయను. సున్నా మాత్రం కాదు. అవునన్నవాళ్ళ పేర్లు ఆవిడకూ, డాక్టరమ్మకూ తప్ప ఇంకెవరికీ చెప్పలేదు.

అవునన్నవాళ్ళలో ఆ స్నేహితురాలు కూడా ఉంది. పాతింటి కాడ చూడండని పరుగెత్తుకొచ్చిన పిల్లే. ఎప్పుడూ ఇకిలిస్తూ ఉండేది. నేను నివ్వెరపోయి అడిగాను, "మరి ఆ రోజు నువ్వెందుకు ముందుకు రాలేదమ్మా?"

"ఎల్దామనే కాలు లేపేనండి. అందరూ నవ్వేరు కదండి. దింపేసేనండి."

"పిల్లలు నవ్వితే నవ్వారు. నేను వాళ్ళను కసిరాను కదా?"

ఆ పిల్ల నా మొహంలోకి చూసింది.

"ముందు ఎవరూ నవ్వలేదండి. అందరం భయపడిపోయేవండి. మీరు రెండు ఈలలేసి 'ఫౌల్!' అన్నారండి. అప్పుడు నవ్వేవండి."